వించ్ తాడు, ఒండ్రు మట్టి, మా మావయ్య గేదె

వసిష్ఠ గోదావరి అవతల లంకలో మాకు ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. అక్కడికి పడవ తప్ప వేరే దారి లేదు. పదహారడుగుల ఫైబర్ బోటు, వెనక చిన్న ఇంజను, దాన్ని ఒడ్డుకి ఎక్కించడానికి వెల్డింగ్ షాపులో చేయించుకున్న ట్రైలరు, ఇదీ నా సరంజామా. బోటుని రేవులోనే కట్టేసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. వేసవిలో సముద్రం పోటు మా రేవు దాకా ఎక్కుతుంది. నీళ్లు ఉప్పగా మారి, నెల తిరిగేసరికి బోటు అడుగున గరుకుగా గుల్లలు పట్టేస్తాయి. వానాకాలం వస్తే ఎర్రనీటితో పాటు గుర్రపుడెక్క, దుంగలు, ఒక్కోసారి ఎవరిదో పశువులపాక కప్పు కూడా కొట్టుకొస్తాయి. అందుకే పని అవ్వగానే పైకి లాగేసుకుంటాను. లాగేది ట్రైలరు ముందు స్తంభానికి బిగించిన చేతి వించ్, అంటే హ్యాండిల్ తిప్పితే డ్రమ్ము మీద తాడు చుట్టుకునే యంత్రం. ఈ పోస్టు ఆ వించ్ మీద చుట్టిన తాడు గురించి. తాడు గురించి ఇంత రాయాలా అనుకునేవాళ్లు 2022 జులైలో మా రేవులో లేరన్నమాట.

గోదారి ఒడ్డున ఉండేవాళ్లకి ఈ అంకెలు నోటికి వచ్చేసి ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ జులైలో 25 లక్షలు దాటింది. 1986లో 35 లక్షలు చూసిన మా పెదమావయ్యకి అదో లెక్క కాదు గానీ, నాకు మాత్రం చాలు. రెండో హెచ్చరిక వచ్చిన రాత్రి బోటుని పైకి తెచ్చేద్దామని టార్చిలైట్లతో రేవుకి వెళ్లాం. ర్యాంపు కింది సగం అప్పటికే నీళ్లలో ఉంది. బోటు ముక్కు ట్రైలరు మీదకి ఎక్కింది, వెనక భాగం ఇంకా నీళ్లలోనే ఉంది. నేను హ్యాండిల్ తిప్పుతున్నాను. టిక్కు టిక్కుమంటూ బాగానే వస్తోంది. అంతలో టప్‌మని ఒక చప్పుడు. హ్యాండిల్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది.

కొక్కెం దగ్గర వైరు రోపు తెగింది. తెగిన కొస వెనక్కి వచ్చి ట్రైలరు మడ్‌గార్డుని కొట్టింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, నేను సరిచేయించలేదు. బోటు వెనక్కి జారింది. ముక్కుకి విడిగా ఒక మోకు కట్టి ఇద్దరు కుర్రాళ్ల చేతికి ఇచ్చాం కాబట్టి దొరికింది. ఆ మోకు కట్టమన్నది మా పెదమావయ్య. ఆయన నలభై ఏళ్లు రేవులో పడవలు నడిపిన మనిషి. వించ్‌ని ఎప్పుడూ నమ్మడు.

మర్నాడు ఆ వైరు ముక్క తీసుకెళ్లి ఆయనకి చూపించాను. పైన గ్రీజు నిగనిగలాడుతోంది, ఎక్కడా తుప్పు కనపడదు. ఆయన స్క్రూడ్రైవరుతో పేటలు ఎడం చేశాడు. లోపలి నుంచి కుంకుమలాంటి పొడి రాలింది.

"తాడు మొహం చూసి మోసపోకురా అల్లుడూ. పొట్ట విప్పి చూడు" అన్నాడు.

ఆ మాట అప్పుడు ఇనప తాడు గురించే అనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఇంకో తాడు విషయంలో మళ్లీ అదే మాట వినాల్సి వచ్చింది. అది తర్వాత చెప్తాను.

ఇనప తాడు మీద నాకు అసలు కోపం అది తెగినందుకు కాదు. తెగకముందు ఏడాది పాటు నా చేతులు తినేసింది. సన్నటి వైర్లు ఒక్కొక్కటే విరిగి ముళ్లలా పైకి లేస్తాయి. చూసుకోకుండా పట్టుకుంటే అరచేతిలో దిగుతాయి. రెండుసార్లు టెటనస్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. అందుకని ఈసారి ఇనుము వద్దనుకుని వలల సామాను షాపుకి వెళ్లి నైలాన్ తాడు కొన్నాను. అది ఇంకో తప్పు. నైలాన్ సాగుతుంది. పడవకి లంగరు తాడుగా వాడినప్పుడు ఆ సాగుడే దాని గొప్ప, అల కుదుపుని మింగేస్తుంది. వించ్ మీద మాత్రం హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పినా బోటు కదలదు. ఐదో చుట్టుకి ఒక్కసారిగా మీదకి వచ్చేస్తుంది. పైగా అంత సాగి ఉన్న తాడు తెగితే రబ్బరులా వెనక్కి తంతుంది. పసుపురంగు ప్లాస్టిక్ తాడు కూడా వేసి చూశాను. నీళ్ల మీద తేలుతుంది, చవక, అంతవరకు బాగుంది. మన ఎండకి అది ఏడాది ఆగదు. చేత్తో నలిపితే పిండిలా రాలిపోయింది.

చివరికి వైజాగ్‌లో ఓడల సామాను అమ్మే ఒక షాపులో డైనీమా అనే పేరుతో దొరికే రకం తాడు తీసుకున్నాను. వైరు రోపు ధరకి నాలుగింతల పైనే అయింది. ఇంట్లో ఆ సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు. చూడ్డానికి 8 మిల్లీమీటర్ల తెల్ల తాడు, ఆడపిల్లల జడలో కట్టే రిబ్బనంత మెత్తగా ఉంటుంది. మావయ్య దాన్ని వేళ్ల మధ్య నలిపి "ఇది బోటుని లాగుద్దా, నా లుంగీని కట్టుద్దా" అన్నాడు. నిజానికి అదే లావున్న ఇనప తాడు కంటే ఇది ఎక్కువ బలం పడుతుంది. బరువు మాత్రం దానిలో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. సరుకు ఏంటంటే పాలిథీనే. మన పాల ప్యాకెట్టుకి దగ్గర చుట్టమే. కాకపోతే ఇందులో అణువుల గొలుసులు చాలా పొడుగ్గా ఉంటాయి, వాటన్నిటినీ ఒకే దిక్కుకి సాగదీసి దారం తీస్తారు. అందుకే లాగితే నైలాన్‌లా సాగదు. నీటి కంటే కాస్త తేలిక కాబట్టి తేలుతుంది. నీళ్లు పీల్చుకోదు. ఎర్రనీటిలో కొక్కెం ఎక్కడుందో చేత్తో తడుముకోకుండా తాడు పైకి కనపడుతుంటే ఎంత హాయో, మోకాలి లోతు రొంపిలో నిలబడినవాడికే తెలుస్తుంది. ఇంజను తిరుగుతుంటే మాత్రం ఆ తేలే తాడు ఫ్యానుకి చుట్టుకోకుండా చూసుకోవాలి.

కొన్న ఉత్సాహంలో అదే రోజు సాయంత్రం పాత తాడు విప్పేసి ఇది చుట్టేశాను. నెల తిరక్కుండానే ఒకచోట రెండు పేటలు తెగి వేలాడుతున్నాయి. తప్పు తాడుది కాదు. ఇన్నేళ్లూ ఇనప తాడు రాసుకుని రాసుకుని వించ్ డ్రమ్ము అంచులు రంపంలా తయారయ్యాయి. ట్రైలరు స్తంభం మీద తాడు తగిలేచోట వెల్డింగ్ ముద్ద కూడా ఒకటి పొడుచుకుని ఉంది. ఇనుముకి అవేవీ లెక్క కాదు. ఈ తాడుకి మాత్రం అవి కత్తులు. వించ్ మొత్తం విప్పి, డ్రమ్ముని ఆకురాయితో అరగదీసి, ఎమెరీ కాయితం పట్టించి, చివరగా పాత లుంగీగుడ్డతో తుడిచాను. గుడ్డ నూలు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ ఇంకా గరుకు ఉన్నట్టు లెక్క. ముందు రోలరు తుప్పు పట్టి తిరగడం మానేసింది, దాన్నీ మార్చాను. కొత్త తాడుకి అయిన ఖర్చు కంటే ఆ ఆదివారం పడ్డ చాకిరీ ఎక్కువ. మీరు మార్చేటప్పుడు మాత్రం ముందు డ్రమ్ము సంగతి చూడండి, తాడు తర్వాత కొనొచ్చు.

తెగిన పేటల దగ్గర తాడు కోసేసి కొసకి మళ్లీ లూపు వేయాలి. ముడి వేస్తే పోలా అంటారేమో. ఈ తాడుకి ముడి పనికిరాదు. సబ్బు రాసినంత జారుడు, మామూలు ముడి బరువు పడగానే జారి ఊడిపోతుంది. జారకుండా ఏదో ముడి వేసినా, ఆ వంపు దగ్గర తాడు బలం సగానికి పైగా పోతుంది. కొసని తాడులోకే దూర్చి అల్లాలి. దీన్ని స్ప్లైస్ అంటారు. సరిగ్గా చేస్తే బలం ఇంచుమించు మొత్తం నిలుస్తుంది.

నేను చేసే పద్ధతి చెప్తాను. తాడు పన్నెండు పేటల జడ, లోపల బోలుగా గొట్టంలా ఉంటుంది. కొసకి గట్టిగా టేపు చుట్టి, పదునైన కత్తితో కోస్తాను. మామూలు కత్తెరకి ఇది లొంగదు, నమిలి వదిలేస్తుంది. కొస నుంచి తాడు మందానికి 72 రెట్లు కొలిచి గుర్తు పెట్టాలి. నాది 8 మిల్లీమీటర్లు కాబట్టి 576, అంటే మూరెడు పైన అర జానెడు దూరం. స్టీలు థింబుల్ (లూపు లోపల కూర్చునే గాడి రింగు) చుట్టూ తాడు తిప్పి, గుర్తు దగ్గర జడని వేళ్లతో రెండు వైపుల నుంచి నెడితే పేటలు తెరుచుకుని బొరియలా అవుతుంది. ఇక్కడ పుస్తకాల్లో చూపించే ప్రత్యేకమైన సూదులేవీ నా దగ్గర లేవు. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ గొట్టంలోకి కొసని దూర్చి టేపు వేస్తాను. పెన్ను తాడు కడుపులో నెమ్మదిగా నడుస్తూ పోతుంటే పైనుంచి ఉబ్బు కదలడం కనిపిస్తుంది, కప్పని మింగిన పాములా. అవతల బయటికి వచ్చాక కొస పేటల్ని ఒక్కొక్కటీ ఒక్కో పొడవున కత్తిరించి సన్నగా చేయాలి, లేకపోతే లోపల కొస అయిపోయే చోట ఒక్కసారిగా మెట్టు పడుతుంది, తాడు అక్కడే అలుస్తుంది. తర్వాత పై జడని థింబుల్ వైపు నుంచి కిందికి నిమిరితే, కొస లోపలికి వెళ్లి మాయమైపోతుంది. బరువు పడినప్పుడు పై జడ బిగుసుకుని లోపలి కొసని పట్టేస్తుంది. బరువు లేనప్పుడు అది జారొచ్చు కాబట్టి థింబుల్‌కి కొంచెం కింద గట్టి దారంతో అడ్డంగా నాలుగు కుట్లు వేస్తాను. మొదటిసారి మూడు గంటలు పట్టింది. ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతుంది.

డ్రమ్ము మీద చుట్టడంలో రెండు విషయాలు ఇనప తాడు అలవాటున్నవాళ్లు పట్టించుకోరు. ఒకటి, తాడు పూర్తిగా వదిలినప్పుడు కూడా డ్రమ్ము మీద ఎనిమిదో పదో చుట్లు మిగలాలి. వైరుకి నాలుగైదు చాలు. ఇది జారుడు కాబట్టి చాలవు. బరువు మోసేది డ్రమ్ము బోల్టు కాదు, ఆ చుట్ల రాపిడి. నా డ్రమ్ముకి పది చుట్లంటే సుమారు మీటరున్నర తాడు అక్కడే ఉండిపోతుంది. అలాగని ఎందుకైనా మంచిదని పదిహేను మీటర్లు చుట్టకండి. డ్రమ్ము నిండేకొద్దీ చుట్టు పెద్దదై, అదే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది. నేను ఏడు మీటర్లే పెట్టుకున్నాను.

రెండోది, వదులుగా చుడితే బరువు పడినప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్యలోకి దిగబడి ఇరుక్కుంటుంది. రేవులో చీకటి పడుతుండగా అలా ఇరుక్కుంటే ఎంత టెన్షనో అడక్కండి. అందుకని మొదటి చుట్టుడు బిగువుగా ఉండాలి. మా దొడ్లో కొబ్బరిచెట్టుకి గోనెసంచి చుట్టి, దానికి వెడల్పు పట్టీ వేసి కొక్కెం తగిలించాను. వెనక ఇద్దరు ట్రైలరుని పట్టుకుని వెనక్కి లాగుతుంటే, నేను వించ్ తిప్పుకుంటూ ట్రైలరునే చెట్టు దగ్గరికి నడిపించాను. చుట్టుపక్కల పిల్లలందరూ చేరారు. చెట్టుని పీకుతున్నాననుకున్నారు.

ఇప్పుడు ఒండ్రు మట్టి సంగతి. తుప్పు లేదు, ముళ్లు లేవు, గ్రీజు లేదు కాబట్టి ఈ తాడుకి ఇక చాకిరీ ఏమీ లేదనుకున్నాను. 2024 వరదలు తగ్గాక మావయ్య ట్రైలరు దగ్గరికి వచ్చి తాడు పట్టుకుని చూశాడు. "బిరుసెక్కిందిరా" అన్నాడు. పైకి కాస్త మాసింది, దూది లేచినట్టు నూగు ఉంది, అంతే. ఆయన తన భుజం మీది తుండు నేల మీద పరిచి, తాడుని రెండు చేతులతో ఎదురెదురుగా నెట్టి జడ తెరిచాడు. తుండు మీద సన్నటి గోధుమరంగు పొడి పడింది. వేలితో తీసి నా అరచేతిలో రుద్దాడు. గరగరలాడింది. "ఇది గోదారి. నీ తాడు పొట్టలో కూర్చుంది."

రేవులో పాటు సమయంలో, అంటే పోటు తీసి నీళ్లు తగ్గినప్పుడు, ర్యాంపు కింద అంతా రొంపే. ట్రైలరు చక్రాలు అంతదూరం దిగవు, తాడునే బురదలో ఈడ్చి బోటు ముక్కుకి తగిలిస్తాం. ఇసుక రేణువులు నీటితో పాటు జడలోకి వెళ్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఇసుక ఉండిపోతుంది. ఆపైన లాగిన ప్రతిసారీ పేటల మధ్య అది ఆకురాయిలా పనిచేస్తుంది. ఎండిన ఉప్పు స్ఫటికాలదీ అదే దారి. ఇనుముకి నీళ్లు శత్రువు. దీనికి నీళ్లే వైద్యం, కాకపోతే మంచినీళ్లు కావాలి. మా ఊళ్లో బోరు నీళ్లూ ఉప్పే. పంట కాలువ నీళ్లు డ్రమ్ములో పట్టి, మట్టి అడుక్కి దిగేదాకా ఉంచి, పైనీళ్లు వాడతాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పంచాయతీ కుళాయే గతి. తాడు మొత్తం విప్పి బేసిన్‌లో ఒక షాంపూ ప్యాకెట్టు కలిపి నానబెట్టి, పిండకుండా, జడని ముందుకీ వెనక్కీ నెడుతూ జాడిస్తాను. మొదటిసారి బేసిన్ నీళ్లు టీ డికాషన్‌లా అయ్యాయి. నాలుగో నీళ్లకి గానీ తేటపడలేదు. నీడపట్టున ఆరేయాలి. బ్లీచింగ్ పౌడర్ జోలికి వెళ్లొద్దు, బట్టలు కాదు తెల్లబడ్డానికి.

వరద రోజుల్లో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి కడుగుతున్నాను. ఏడాదికోసారి తాడుని తిరగేసి, ఇంతవరకు డ్రమ్ము మీద నీడలో పడుకున్న కొసని బయటికి తెస్తాను. స్ప్లైస్ మళ్లీ వేయాలి గానీ, పనంతా ఎప్పుడూ మొదటి రెండు మీటర్ల మీదే పడుతోంది కాబట్టి అది తప్పదు. స్తంభం దగ్గర తాడు తగిలేచోట తోటలో నీళ్లు పెట్టే పాత పైపు ముక్క తొడిగాను. ఎండ కోసం వించ్ మీద రెక్సిన్ ముసుగు కుట్టించాను, మా టైలరు దాన్ని కుక్కర్ కవరు అనుకున్నాడు.

పైన నూగు లేవడం చూసి కంగారు పడక్కర్లేదు. అంతటా సమానంగా ఉన్న పల్చటి నూగు లోపలి పోగుల్ని కాస్త కాపాడుతుంది కూడా. ఒక పేట పూర్తిగా తెగినా, ఒకచోట తాడు సన్నబడినా, అక్కడ కోసి మళ్లీ అల్లుకోవాలి. గట్టిగా మెరుస్తూ కనిపించే చోటు ఉంటే వేళ్లతో వంచి నలపండి. మెత్తబడితే నొక్కుకుపోయిందంతే. మెత్తబడకపోతే వేడికి కరిగినట్టు. ఈ సరుకు 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది, 70 దాటితేనే బలం తగ్గడం మొదలు. చేతి వించ్‌తో అంత వేడి పుట్టదు. బ్యాటరీ వించ్ ఉన్నవాళ్లకి ఆ బెడద ఉంది, కొన్నిటిలో బ్రేకు అనేది తాడు చుట్టే డ్రమ్ము లోపలే ఉంటుంది, బోటుని బరువుతో కిందికి దించుతుంటే డ్రమ్మే కాలుతుంది.

ఇంకొకటి. బోటు ట్రైలరు మీదకి వచ్చాక వించ్ తాడే కదా పట్టుకుంది అని వదిలేసి ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. ఈ తాడు ఎప్పుడూ బిగువులో ఉంటే నెమ్మదిగా శాశ్వతంగా సాగుతుంది. రోడ్డు మీద కుదుపుల్లో మరీను. ఇప్పుడు బోటు ముక్కుకి గొలుసు, వెనక రెండు పట్టీలు వేశాక వించ్‌ని ఒక టిక్కు వదులు చేస్తాను. ఆ టిక్కు వదిలేటప్పుడు హ్యాండిల్ మీద చెయ్యి గట్టిగా ఉండాలి. రాచెట్ నాలిక (వించ్ వెనక్కి తిరగకుండా ఆపే మేకు) ఎత్తగానే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరిచేయగలదు. తాడు ఏదైనా సరే, లాగుతున్నంతసేపూ దానికి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వను. ఇది ఇనుములా తన్నదు నిజమే, కానీ కొసన ఉన్న కొక్కెం ఇనుమేగా.

చేపలవేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మా చుట్టుపక్కల వెల్డింగ్ షాపులు బోట్ల రిపేర్లతో కిక్కిరిసిపోతాయి. ట్రైలరు పనులేమైనా ఉంటే మార్చిలోపే చూసుకుంటాను. ఈ ఏడాది అలా మార్చిలో తాడు తిరగేసినప్పుడు అరిగిన కొస రెండు మీటర్లు కోసేశాను. మావయ్య "పారేస్తావేంట్రా, ఇలా తే" అని పట్టుకెళ్లి గేదెకి పలుపు చేశాడు. లుంగీ కట్టడానికి పనికిరాదన్న తాడే. రేవులో నలభై ఏళ్లు వేసిన ముడి వేసి గుంజకి కట్టాడు.

తెల్లారి ఐదింటికి మా తలుపు కొట్టాడు. గేదె పక్కవాళ్ల కంద చేలో ఉంది. తాడు ఎక్కడా తెగలేదు, నలగలేదు. గుంజ దగ్గర నిటారుగా, ముడి అనేదే ఎప్పుడూ లేనట్టు పడి ఉంది.

"ఆ పెన్ను గొట్టం ఉందా అల్లుడూ?" అన్నాడు.